కోటి కారులో ఎర్ర లైటు

ఆయిల్ లైటు వెలిగితే ముందు ఏం చూడాలని, కొత్తగా షెడ్డు పెట్టుకున్న కుర్రాళ్ళు ఇప్పటికీ నన్ను అడుగుతుంటారు. ఫోన్లో చెప్పేస్తే అయిపోయే విషయమే. కానీ చెప్పడం మొదలుపెట్టగానే నాకు కోటి కారు గుర్తొస్తుంది. మాట సగంలో ఆగిపోతుంది. అందుకే ఈసారి కూర్చుని మొత్తం రాస్తున్నాను.

నా పేరు మస్తాన్. పర్చూరులో కార్ల మెకానిక్‌గా బతికాను. షెడ్డు మూసేసి కొంతకాలమైంది. ఎన్ని బళ్ళు బాగుచేశానో, ఎవరెవరు మెచ్చుకున్నారో ఇక్కడ రాయను. అవి మీకు పనికిరావు.

లైటు చెప్పేది కొంచెమే

ముందు పని సంగతి. తాళం తిప్పగానే డాష్‌బోర్డులో నూనె డబ్బా బొమ్మతో ఎర్ర లైటు వెలుగుతుంది. ఇంజన్ స్టార్టయ్యాక ఆరిపోతుంది. లోపల తిరిగే భాగాలకు పంపు ఆయిల్ తోస్తోందని, ఆ తోపుకు ఇంజన్ పక్కనున్న చిన్న స్విచ్ తెరుచుకుందని దానర్థం. బండి నడుస్తుండగా మళ్ళీ వెలిగితే మూడింట్లో ఒకటి. ఆయిల్ తగ్గి ఉండాలి, స్విచ్చో వైరో పాడై ఉండాలి, లేదా ఇంజన్ లోపల అరిగి తోపు నిజంగానే పడిపోయి ఉండాలి. మొదటిదానికి ఆయిల్ మట్టం చూపే కడ్డీ, అదే డిప్‌స్టిక్, తీసి చూడాలి. మిగతా రెండింటికీ స్విచ్ ఊడదీసి, ఆ కన్నంలో తోపు ఎంతుందో చూపే ముల్లున్న గేజ్ బిగించి చూడాలి. గేజ్ పెట్టకుండా ఏమీ మార్చకండి.

నాకు పని నేర్పిన రంగయ్య మేస్త్రి చిలకలూరిపేటలో పేరున్న మనిషి. పొడుగాటి స్క్రూడ్రైవర్ పిడిని చెవికి ఆనించి, ఇంజన్‌లో ఎక్కడ చప్పుడవుతోందో చెప్పేవాడు. ఆయనకున్న చెడ్డ అలవాటల్లా తొందర. ఒక పొగాకు వ్యాపారి కారులో లైటు మిణుకుమిణుకుమంటుంటే గేజ్ పెట్టకుండానే చిక్కటి ఆయిల్ పోసి పంపేశాడు. లైటు ఆరింది. వ్యాపారి సంతోషంగా వెళ్ళాడు. కొన్నాళ్ళకు ఆ కారును ట్రాక్టరుకు తాడు కట్టి లాక్కొచ్చారు. ఇంజన్ పట్టేసింది. ఆ రోజు మేస్త్రి అన్నం తినలేదు. మాలో ఎవరినీ తిట్టలేదు కూడా. ఆ తరవాత ఆయన చిక్కటి ఆయిల్ డబ్బా షెడ్డులో పెట్టగా నేను చూడలేదు.

మేస్త్రి నేర్పని సంగతి ఒకటుంది. లైటు వెలిగినప్పుడు కారులో ఎవరున్నారో, బండి ఎలా నడుస్తోందో కూడా అడిగి తెలుసుకోవాలి. అది నేను కోటి దగ్గర నేర్చుకున్నాను.

శవం ఉంటేనే

కోటేశ్వరరావుది మా వీధే. నాకన్నా చాలా చిన్నవాడు. వాడికో పాత డీజిల్ కారు ఉండేది. ముందు సీటు బల్లలా ఒకటే పొడుగు, గేరు స్టీరింగు పక్కన. చుట్టుపక్కల ఊళ్ళలో ఎవరికైనా ప్రాణం మీదికొస్తే కోటిని పిలిచేవాళ్ళు. గుంటూరు పెద్దాసుపత్రికి తీసుకెళ్ళేవాడు. అక్కడ మనిషి పోతే తిరిగి తీసుకొచ్చేదీ వాడే. శవాన్ని ఎక్కించుకోవడానికి మిగతా డ్రైవర్లు వెనకాడేవాళ్ళు. కోటి ఎప్పుడూ కాదనలేదు.

ఒకరోజు పొద్దున్నే షెడ్డుకొచ్చి నిలబడ్డాడు. టీ ఇస్తే తాగలేదు.

"మస్తానన్నా, ఆయిల్ లైటు వెలుగుతోంది."

"ఎప్పుడు వెలుగుతోంది?"

వాడు రోడ్డు వైపు చూశాడు. "శవం ఉంటేనే."

నేను నవ్వాను. వాడు నవ్వలేదు.

"ఒట్టన్నా. పెళ్ళివాళ్ళను తిప్పా, వెలగలేదు. పేషెంటును తీసుకుని గుంటూరు పోయా, వెలగలేదు. అదే మనిషి అక్కడ పోయి, నేను తిరిగి తీసుకొస్తుంటే ఊరి మొదట్లోకి రాగానే వెలిగింది. దించేసి ఇంటికొస్తే ఆరిపోయింది. ఒకసారయితే సర్లే అనుకునేవాణ్ణి. ప్రతిసారీ అంతే."

"ఎవరికన్నా చెప్పావా?"

"నేను చెప్పలేదు. వెనక కూర్చున్నవాళ్ళు చూశారు."

అంటే అప్పటికే ఊళ్ళకు ఊళ్ళు తెలిసిపోయిందన్నమాట.

డిప్‌స్టిక్ తీశాను. ఆయిల్ సరిగ్గా ఉంది. గేజ్ బిగించి స్టార్ట్ చేయించాను. ముల్లు చక్కగా పైకి లేచి నిలబడింది. వైరు ఈ చివర నుంచి ఆ చివరదాకా వేళ్ళతో తడిమాను, ఎక్కడా ఒరుసుకోలేదు. గేజ్ తీసి స్విచ్ మళ్ళీ బిగించాను.

"ఇక్కడేం లేదురా," అన్నాను.

"ఇక్కడ ఉండదన్నా," అన్నాడు కోటి. "నువ్వొకసారి నాతో రావాలి."

ఊరి మొదట్లో

ఆ వారంలోనే కబురొచ్చింది. పర్చూరు పక్క ఊరి పెద్దావిడ ఒకామె గుంటూరులో కాలం చేసింది. కోటితో పాటు నేనూ వెళ్ళాను. ఫిబ్రవరి ఎండ. తిరిగొచ్చేటప్పుడు ముందు సీటులో కోటి పక్కన నేను, వెనక ఆమె, ఆమె తల ఒళ్ళో పెట్టుకుని కూతురు. కూతురు ఏడవడం లేదు. తల్లి చెంపకు అంటిన దూది పోగును తీస్తూ కూర్చుంది. తీసిన చోటే మళ్ళీ మళ్ళీ తడుముతోంది.

హైవే మీద కోటి వేగంగానే నడిపాడు. నా కళ్ళు లైటు మీదే ఉన్నాయి. అది నల్లగా ఉంది. హైవే దిగాం. రెండువైపులా కల్లాల్లో మిరపకాయలు ఆరబోసి ఉన్నాయి. కనుచూపు మేర నేలంతా ఎర్రగా ఉంది. మధ్యాహ్నం కావడంతో కల్లాల దగ్గర మనుషులెవరూ లేరు. గాలి కూడా లేదు. ఊరి మొదట్లో జనం రోడ్డు మీదే కూర్చుని ఉన్నారు. కారును చూడగానే లేచి ఏడుస్తూ ముందు నడిచారు. కోటి వాళ్ళ వెనక నడకలా పోనిస్తున్నాడు.

లైటు ఒకసారి మిణుక్కుమంది. ఆరింది. మళ్ళీ వెలిగి అలాగే ఉండిపోయింది.

 వెనక నుంచి కూతురు మెల్లగా అంది, "వెలిగిందా కోటన్నా?"

కోటి స్టీరింగు రెండు చేతులతో పట్టుకున్నాడు.

"మా అమ్మే," అంది ఆమె. "ఊళ్ళోకొచ్చానని చెబుతోంది."

అన్నేళ్ళు ఇంజన్ల మధ్య బతికిన నాకు ఆ క్షణంలో ఇంజన్ అనే మాటే గుర్తు రాలేదు. కాసేపటికి చెవికి చప్పుడు తెలిసింది. ఇంజన్ బాగా స్లోలో, చచ్చీ చెడీ తిరుగుతోంది. అప్పుడు అర్థమైంది. గుంటూరు దాకా పోయి వచ్చేసరికి ఆయిల్ మరిగి నీళ్ళలా పల్చబడుతుంది. లోపల బేరింగులు అరిగి ఉన్నాయి. వేగంగా పోతున్నంతసేపూ పంపు ఎలాగో నెట్టుకొస్తుంది. శవం ఉంటే, ముందు నడిచే జనం వెనక నడకలా పోవాలి. జనం మధ్యలో ఆపితే మళ్ళీ స్టార్టవుతుందో లేదోనని కోటి ఇంజన్ ఆపడు. అలా స్లోలో తిరిగినప్పుడు తోపు పడిపోతుంది. పేషెంటును తీసుకుని పోయేటప్పుడు ఎవరూ నెమ్మదిగా పోరు. పెళ్ళివాళ్ళు దిగితే ఇంజన్ ఆపేస్తాడు. చల్లటి ఇంజన్ మీద నా షెడ్డులో గేజ్ ఎంత పెట్టినా కనపడదు.

శవాన్ని దించాక కోటికి ఇదంతా చెప్పాను. తల ఊపుతూ విన్నాడు.

"నమ్మావా?"

"నువ్వు చెబితే నిజమే అయ్యుంటుందన్నా," అన్నాడు. "కానీ ఆ పిల్ల అడిగినప్పుడు నువ్వెందుకు చెప్పలేదు?"



మిరప లారీల మధ్య

బేరింగులు తెద్దామని ఇద్దరం మళ్ళీ గుంటూరు బయలుదేరాం. అదే కారులో. ఊరు దాటామో లేదో ఒక ఆడమనిషి రోడ్డుకు అడ్డంగా పరిగెత్తుకొచ్చింది. నాగమణి అని, కోటికి తెలిసిన మనిషే. మిరప చేలో ఆఖరి పురుగుమందు కొడుతూ ఆమె భర్త చెన్నయ్య గట్టు మీద పడిపోయాడు. చేలో ఉన్నవాళ్ళు నలుగురు మోసుకొచ్చి వెనక సీట్లో పడుకోబెట్టారు. నోటి వెంట చొంగ కారుతోంది. బట్టలంతా మందు వాసన. 108కు ఫోన్ చేస్తే ఇంకో ఊరి కేసులో ఉందన్నారు. ఆగేంత టైము లేదు.

కోటి నడిపినట్టు కారును ఇంకెవరూ నడపలేరు. చెన్నయ్య మూలుగుతున్నాడు. ఆ మూలుగు వినపడుతున్నంతసేపు నాకు ధైర్యంగా ఉంది. నాగమణి అతని తలను రెండు చేతులతో పట్టుకుని, "వచ్చేశాం, వచ్చేశాం," అంటూనే ఉంది.

గుంటూరు మొదట్లో మిరప యార్డు దగ్గర ఆగిపోయాం. ముందు లారీలు, వెనక లారీలు, బస్తాలు పొంగిపోయిన ట్రాక్టర్లు. గాలంతా కారం. అద్దాలు ఎత్తేశాం. అయినా గొంతులో మంట. బయట మూతులకు తువ్వాళ్ళు కట్టుకున్న హమాలీలు కళ్ళు మాత్రమే కనపడేలా కారు పక్కనుంచి పోతున్నారు. కోటి హారన్ మీద చెయ్యి తియ్యలేదు. ఎవరూ కదల్లేకపోయారు.

అప్పుడు లైటు వెలిగింది.

మిణుక్కుమనలేదు. ఒక్కసారిగా వెలిగి అలాగే ఉంది. కోటి చెయ్యి హారన్ మీద నుంచి జారిపోయింది. అద్దంలో వెనక్కి చూశాడు. వాడి ముఖం చూస్తే నాకు తెలిసిపోయింది, వాడి లెక్కలో మనిషి అప్పటికే లేడు.

నేను వెనక్కి తిరిగాను. నాగమణి కూడా లైటునే చూస్తోంది. ఆమె ఏడవలేదు. మొగుడి తలను పట్టుకున్న చేతులు నెమ్మదిగా తీసేసింది. ముడుచుకున్న అతని కాళ్ళను పట్టుకుని చాపసాగింది. పోయినవాళ్ళకు చేసినట్టు, ఒక్కొక్కటిగా, జాగ్రత్తగా.

చెన్నయ్య కళ్ళు తెరిచే ఉన్నాయి. అతను కూడా లైటునే చూస్తున్నాడు. మూలుగు ఆగిపోయింది.

"కోటీ, రేజ్ చెయ్యరా," అన్నాను.

వాడు కదల్లేదు.

"ఒరేయ్, ఎక్సలేటరు తొక్కు."

వాడి కాలు రాలేదు. నేను సీటు మీద జరిగి, వాడి కాలి మీదుగా నా కాలు పెట్టి తొక్కాను. ఇంజన్ గట్టిగా అరిచింది. లైటు ఆరిపోయింది.

"నాగమణీ, చూడు. ఆరింది. అది ఇంజన్ ఆయిల్ లైటమ్మా. బండి నిలబడితే వెలుగుతుంది. మీ ఆయనకూ దానికీ సంబంధం లేదు."

ఆమె నా వంక కాదు, డాష్‌బోర్డు వంక చూసింది. "ఆరింది," అంది. అన్నాక మళ్ళీ వంగి అతని తలను పట్టుకుంది. కొంచెంసేపటికి చెన్నయ్య మూలిగాడు.

లారీలు కదిలేదాకా, కదిలి ఆసుపత్రి గేటు వచ్చేదాకా, బండి ఆగినప్పుడల్లా నా కాలే ఎక్సలేటరు మీద ఉంది. అరిగిన ఇంజన్‌ను అలా రేజ్ చేయడం పనివాడు చెయ్యాల్సిన పని కాదు. అది తెలిసే చేశాను. ఇంజన్ పోయినా ఫర్వాలేదు, ఆ లైటు మళ్ళీ వెలగకూడదు, అంతే అనుకున్నాను.

చెన్నయ్య బతికాడు. తిరగగలిగాక భార్యతో కలిసి నా షెడ్డుకొచ్చాడు. బాగా చిక్కిపోయాడు. స్టూలు మీద కూర్చుని, కాళ్ళు దగ్గరికి లాక్కుని అన్నాడు.

"మస్తానన్నా, ఆ లైటు వెలిగినప్పుడు వెనక సీట్లో మా ఇద్దరి పక్కన ఇంకొకళ్ళు వచ్చి కూర్చున్నారు. నాకు తెలిసింది. చోటు కోసం నా కాళ్ళు జరిపారు. చేతులు చల్లగా ఉన్నాయి. నువ్వు కాలు పెట్టి తొక్కినాక వదిలేశారు."

నాగమణి అతని వెనకే నిలబడి ఉంది. ఒక్కసారి నా వంక చూసి, చూపు దించుకుంది.

"మందు తలకెక్కితే అట్టాగే ఉంటదిలే," అన్నాను. అంతకు మించి చెప్పలేదు. మీకు కస్టమర్లు చాలా చెబుతారు. మీకు తెలిసినదంతా వాళ్ళకు చెప్పి తీరాలనేం లేదు.

లైటు వెలగకపోతే

ఇంజన్ విప్పాను. బేరింగుల మీది తెల్లటి పూత అరిగి కింద రాగి రంగు బయటపడింది. పంపు కూడా పోయింది. రెండూ మార్చి, బిగించి, కోటిని పక్కన కూర్చోబెట్టుకుని గుంటూరు పోయి వచ్చాను. తిరిగొచ్చాక వేడి మీదే, ఇంజన్ స్లోలో ఉండగా గేజ్ పెట్టి చూపించాను. ముల్లు కింద పడలేదు. ఈ పరీక్ష మొదట్నుంచీ ఇలాగే చెయ్యాలి. గుర్తుపెట్టుకోండి.

ఆ తరవాత శవాలు ఎక్కినా లైటు వెలగలేదు. అంతటితో అయిపోయిందనుకున్నాను.

దర్శి వైపు నుంచి ఒక పెద్దాయన్ని తీసుకుని కోటి గుంటూరు పోయాడు. ఆయాసంతో ఉన్న మనిషి. వెనక కోడలు కూర్చుంది. దారిలో ఆయాసం చప్పుడు తగ్గింది. కోడలు భయపడి, "ఏందన్నా, ఉలుకూ పలుకూ లేదు," అందట. కోటి డాష్‌బోర్డు చూశాడు. లైటు లేదు. "ఏం కాదమ్మా, నిద్రపట్టింది. కదపబాక," అన్నాడు. ఆమె కదపలేదు. పైట చెంగుతో విసురుతూ కూర్చుంది. ఆసుపత్రిలో డాక్టరు చెయ్యి పట్టుకుని చూసి, పోయి చాలాసేపయిందన్నాడు.

కోటి నేరుగా నా దగ్గరికొచ్చాడు. కారు దిగకుండా, కిటికీలోంచే మాట్లాడాడు.

"ముందయితే లైటు చెప్పేదన్నా."

"చెప్పేది కాదురా. అప్పుడూ ఏం చెప్పలేదు."

"ఆమె దారి పొడుగునా విసురుతానే ఉందన్నా."

వెలగని లైటు అంతా బాగుందని చెప్పదు. బల్బు మాడిపోయి ఉండొచ్చు, వైరు ఊడిపోయి ఉండొచ్చు. అందుకే తాళం తిప్పగానే ఒకసారి వెలుగుతోందా లేదా అని చూడమని ప్రతి డ్రైవరుకూ చెబుతాను. ఆ రోజు ఆ మాట కోటితో అనడానికి నోరు రాలేదు. వాడు గేరు వేసి వెళ్ళిపోయాడు. ఆ తరవాత వాడు పేషెంట్లను ఎక్కించుకోవడం మానేస్తాడనుకున్నాను. మానలేదు. కానీ దారిలో వెనక వాళ్ళతో మాట్లాడటం మానేశాడు.

వెనక సీటు

నేను షెడ్డు ఎందుకు మూశానో కూడా చెబుతాను. పోయిన మిరప కోతలప్పుడు, ఒక జీపు కింద పడుకుని ఉండగా నా గుండెల మీద ఎవరో కూర్చున్నట్టయింది. ఎడం చెయ్యి పడిపోయింది. లాగి బయట పడేసింది కోటే. తన కారు వెనక సీట్లో పడుకోబెట్టాడు. మా ఆవిడ ఫాతిమా నా తలను ఒళ్ళో పెట్టుకుంది.

ఆ సీటు మీద పడుకోవడం నాకదే మొదటిసారి. ఇన్నేళ్ళూ ఆ కారును ముందు నుంచీ కింద నుంచీ చూశాను. వెనక నుంచి చూడలేదు. పడుకున్నవాడికి కోటి వీపు, ముందు సీటు అంచు, దాని పైన డాష్‌బోర్డులో ఒక ముక్క కనపడతాయి. లైటు ఉండే ముక్క అదే. ఎంతమంది దాన్ని చూస్తూ పోయారో, ఎంతమంది దాన్ని చూస్తూ బతికారో అనుకున్నాను.

ఇంజన్ చప్పుడు విన్నాను. బాగుంది. దాని బేరింగులు నా చేత్తో వేసినవే. అరుగుదల లేదని నాకు తెలుసు. అన్నీ తెలిసినా చూపు అక్కడి నుంచి తిప్పుకోలేకపోయాను.

యార్డు దగ్గర మళ్ళీ లారీలు. బండి ఆగింది. కారం ఘాటు లోపలికొచ్చింది. ఫాతిమా కొంగుతో నా ముక్కు మూసింది. నేను ఆ కొంగు తప్పించి, తల ఎత్తి చూశాను.

కోటి ఎడం అరచెయ్యి డాష్‌బోర్డు మీద ఆనించి ఉంది. సరిగ్గా లైటు మీద.

"కోటీ," అన్నాను. "ఏందిరా ఆ చెయ్యి?"

"ఏం లేదన్నా. పడుకో."

"తియ్యి."

"నువ్వు పడుకో అన్నా," అన్నాడు. వెనక్కి తిరగలేదు. చెయ్యి తియ్యలేదు. ఫాతిమా నా నుదుటి మీద చెయ్యి వేసి తలను కిందికి నొక్కింది. నేను పడుకున్నాను. కళ్ళు మూసుకున్నాను. కాలి వేళ్ళ దగ్గర చల్లగా తగిలినట్టయింది. ఫాతిమా రెండు చేతులూ నా తల దగ్గరే ఉన్నాయి.

ఆసుపత్రిలో నాలుగు రోజులు ఉంచి పంపించారు. బరువులు ఎత్తొద్దన్నారు. కొన్నాళ్ళు పోయాక కోటి కారు తీసుకుని ఇంటికొచ్చాడు. ఆయిల్ మార్చి చాలా రోజులైంది, ఒకసారి చూడన్నా అన్నాడు. ఊరికే చూస్తానన్నాను. గేజ్ తెప్పించి, వేడి మీదే, ఇంజన్ స్లోలో ఉండగా బిగించాను. ముల్లు ఉండాల్సిన చోటే నిలబడింది. స్విచ్ చూశాను, బాగుంది. వైరు తడిమాను, ఎక్కడా ఒరుసుకోలేదు.

కోటి పక్కనే నిలబడి నా చేతుల వంక చూస్తున్నాడు. ముల్లు ఎంత చూపించిందని వాడు అడగలేదు. ఆ రోజు నీ చెయ్యి కింద లైటు వెలిగి ఉందా అని నేనూ అడగలేదు.